పది వాట్ల దీపము

"గాలిలో వచ్చు పాటకు రూకలు చెల్లించువారు ఎచటనైన కలరా అమ్మాయీ?" అని మా చెల్లెలి అత్తగారు ఒకనాడు దానిని అడిగిరట. మా చెల్లెలు అమెరికా దేశమున, సియాటిల్ నగరమునకు తూర్పున సరస్సు కావలనున్న రెడ్మండ్ పట్టణమున కాపురమున్నది. మైక్రోసాఫ్ట్ సంస్థకు నెలవైన ఆ పట్టణమున తెలుగు కుటుంబములు పెక్కు కలవు. సియాటిల్ రేడియో స్టేషనొకదానికి మా చెల్లెలు నెలకు ఇరువది డాలర్లు పంపుచుండును. పంపకున్నను పాటలు ఆగవు. పంపినందున ఒక్క పాటయైనను అదనముగా రాదు. ఇచ్చినను ఇయ్యకున్నను ఒక్కతీరుననే లభించు వస్తువునకు వెల యేల?

ఆ పెద్దావిడ ప్రశ్నను నవ్వి త్రోసివేయరాదు. సంసారము నడుపు స్త్రీ అడుగవలసిన ప్రశ్నయే అది. దానికి సమాధానము మాత్రము ఒక్క మాటలో చెప్పుటకు వీలులేదు. ఆ స్టేషను చరిత్ర యంతయు దానికి సమాధానమే. చెల్లెలి ముఖమున కొంతయు, చదువుటవలన కొంతయు నేను గ్రహించిన ఆ చరిత్ర సోదరీమణులకును వినదగినదని తోచి వ్రాయుచున్నాను.

ఆ స్టేషను నేటి పేరు కేఈఎక్స్‌పీ; తొలి పేరు కేసీఎంయూ. మిసిసిపీ నదికి పడమటనున్న అమెరికా రేడియోల పేర్లు సాధారణముగా 'కే' అను అక్షరముతో ఆరంభమగును. తక్కిన మూడక్షరములు అది పుట్టిన భవనమునుండి వచ్చినవి. 1972వ సంవత్సరమున వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున చదువుకొనుచున్న నలుగురు విద్యార్థులు, ప్రసారవిద్య బోధించు శాఖ భవనమున దానిని నెలకొల్పిరి. ఆ నలుగురిలో ఒక యువతియు కలదు. స్టేషను శక్తి పది వాట్లు! మహానగరములలోని పెద్ద ఎఫ్ఎం స్టేషన్లు లక్ష వాట్ల వరకును వాడుకొనుచుండగా, వీరికి దొరకినది పడకగదిలో రాత్రియెల్ల వెలుగు చిన్న బల్బునకు చాలినంత విద్యుత్తు. విశ్వవిద్యాలయపు ఆవరణమును, చుట్టుప్రక్కల నాలుగు వీధులను దాటి ఆ ధ్వని పోజాలకుండెను. ఇంత అల్పమైన దీపమును ఎవరును లెక్కింపరు. లెక్కింపకుండుటవలన ఒక మేలును కలదు. ఎవరును వచ్చి దానిని ఆర్పరు.

ఇచట అమెరికా రేడియో పద్ధతిని కొంచెము చెప్పవలసియున్నది. మనకు చిరకాలము రేడియో యన్న ప్రభుత్వపు ఆకాశవాణియే. అచట అట్లు కాదు. తొలినుండియు రేడియోలలో అధికభాగము వర్తకుల సొత్తు. సబ్బులు, కార్లు, శీతలపానీయములు అమ్ముకొనువారు ప్రకటనలకు డబ్బిత్తురు. ఆ ప్రకటనలు ఎక్కువమంది చెవిని పడుటకై ఎక్కువమందికి ఇదివరకే నచ్చిన పాటలనే మరల మరల వేయుదురు. క్రొత్త పాట వేసినచో వినువాడు మీట త్రిప్పి వేరొక స్టేషనుకు పోవునని భయము. కావున క్రొత్త గాయకునకు తావు లేదు, పేరున్నవానికే పేరు. అయినను ఆ దేశపు ప్రభుత్వము ఒక మంచిపని చేసెను. ఊరిలో ఎవరి పట్టాయు కాకుండ పశువులకై మందబయలు విడిచినట్లు, ఎఫ్ఎం వరుసలో 88 మొదలు 92 మెగాహెర్ట్‌జుల వరకు గల భాగమును చదువు కొరకును, లాభాపేక్షలేని సంస్థల కొరకును విడిచిపెట్టెను. మన కథలోని పది వాట్ల దీపము వెలిగినది ఆ బయలులోనే.

వర్తకులు వేయని పాటలను వేయుటయే ఇట్టి స్టేషన్లకు వృత్తియయ్యెను. గిటారు, మద్దెల, బిగ్గరగా నెత్తిన గొంతు కలిసినది రాక్ సంగీతము. అందులో పెద్ద కంపెనీల అచ్చునకు లొంగక, చిన్న చిన్న బృందములు తమకు తోచినట్లు పాడుకొనునదానికి ఆల్టర్నేటివ్ రాక్ అని పేరు వచ్చినది. మారుదారి సంగీతమని మనము చెప్పుకొనవచ్చును. భాగవతపద్యములును త్యాగరాయకృతులును వినుచు పెరిగిన నా చెవికి ఆ విద్యుత్తంత్రుల ఘోష సులభముగ పట్టునది కాదు. కాని పెండ్లిపందిట సన్నాయి ప్రక్కన డోలు మ్రోగినపుడు చెవులు మూసికొనువారును, కొంతసేపటికి ఆ మ్రోతలోని తాళమును పట్టుకొందురు. ఇదియు అట్టిదే. ఆ ఘోషలో దుఃఖమున్నది, కోపమున్నది, నడుమనడుమ లాలిపాటవంటి మెత్తదనమును ఉన్నది.

1981వ సంవత్సరమున స్టేషనునకు తొలి గండము వచ్చెను. విశ్వవిద్యాలయమునకు ధనము కొరవడగా, స్టేషనుకిచ్చుచున్న డబ్బును నిలిపివేసిరి. తల్లి పాలు మాన్పించిన బిడ్డవలె అది నిలువబడెను. మూసివేయుట యొక త్రోవ. ప్రకటనలకు చేయి చాచుటకు ఆ బయలు నియమము ఒప్పదు. మిగిలిన త్రోవ ఒక్కటియే: వినువారినే అడుగుట. "మీరు వినుచున్నారు గదా, మీకు ప్రియమైనచో నిలుపుడు" అని శ్రోతలకు విన్నవించుకొనిరి. హరికథ ముగియునపుడు హారతిపళ్లెము సభలో తిరుగుట మన మెరిగినదే. ఆ పళ్లెములో వేసినవాడును కథ విన్నాడు, వేయనివాడును విన్నాడు. వేయనివానిని ఎవరును లేపి పంపరు. అయినను పళ్లెము వట్టిదిగ తిరిగి రాదు. సియాటిలులోను అట్లే జరిగెను. నాటినుండి ఆ స్టేషను బ్రదుకు శ్రోతల చేతిలో పడెను.

డబ్బు కొంచెము, పని కొండంత. కావున పాటలు వేయువారిలో పెక్కుమంది జీతము లేనివారు. పగలెల్ల ఎచటనో కూలియో కొలువో చేసికొని, రాత్రి వచ్చి తమ ఇంటి రికార్డుల కట్టను విప్పి, నగరమునకు వినిపించి పోవువారు. ఎట్టివారు ఆ గదిలో కూర్చుండిరో చూడుడు. బ్రూస్ పావిట్, జొనాథన్ పోన్‌మన్ అను ఇరువురు అచట కార్యక్రమములు నడిపిరి. వారే తరువాత 'సబ్ పాప్' అను చిన్న రికార్డు కంపెనీకి కర్తలైరి. సౌండ్‌గార్డెన్ బృందపు గిటారు వాద్యకాడు కిమ్ థాయిల్ అచట పాటలు వేసెను. ఇతడు భారతీయ దంపతుల కుమారుడు. మడ్‌హనీ బృందపు గాయకుడు మార్క్ ఆర్మ్ అచటివాడే. తరువాత ప్రపంచమంతయు గ్రంజ్ అని పేరుపెట్టి కొనియాడిన సంగీతమునకు బాలారిష్టములు గడచిన ఉయ్యెల, ఆ ఇరుకుగదియే.

ఇచట ఒక చిన్న కథ చెప్పక విడువలేను. 1988వ సంవత్సరము చివర అబర్డీన్ అను కట్టెకోత ఊరినుండి వచ్చిన ఒక బీద యువకుడు తన బృందపు తొలి రికార్డును తెచ్చి ఆ స్టేషనులో ఇచ్చెను. సబ్ పాప్ కంపెనీ దానిని వేయి ప్రతులు మాత్రమే వేసినది. ఇచ్చి, తన స్నేహితురాలితో కారులో ఇంటికి మరలుచు, దారిపొడుగునను రేడియో పెట్టుకొని వినుచుండెను. పాట రాలేదు. ఇంకను దూరము పోయినచో స్టేషను ధ్వని అందదు. ఒక పెట్రోలు బంకు వద్ద కారు నాపి, అచటి నాణెముల టెలిఫోనులోనుండి స్టేషనుకు పిలిచి, ఎవరో శ్రోత అడిగినట్లుగా తన పాటను తానే వేయుమని కోరెను! కొంతసేపటికి పాట వచ్చెను. ఆ యువకుని పేరు కర్ట్ కోబేన్; బృందము నిర్వాణ. మూడేండ్లలో, 1992వ సంవత్సరము జనవరినాటికి, వారి 'నెవర్‌మైండ్' రికార్డు అమెరికా పట్టికలో అగ్రస్థానమున నిలిచెను. 1994వ సంవత్సరము ఏప్రిలులో ఆతడు తన ప్రాణమును తానే తీసికొనెను. అప్పటికి ఇరువదియేడేండ్లవాడు.

ఆ తుదిని తలచినపుడు మనస్సు కలతపడును. కాని పెట్రోలు బంకు వద్ద నిలిచి, చేతిలో నాణెము పట్టుకొని, తన పాట గాలిలో వచ్చునా యని ఎదురుచూచిన ఆ బాలుని మొగమునే నేను తలచుకొందును. లక్ష వాట్ల స్టేషను వానికి తలుపు తీయదు. తలుపు తీసినది శ్రోతల చిల్లరడబ్బుతో నడచుచున్న చిన్న స్టేషను.

ఇంతవరకు విని, ఇదియంతయు బృందావనమని తలపవలదు. పదిమంది సొత్తయిన చోట కలహము తప్పదు. 1992వ సంవత్సరమున స్టేషను పెద్దలు, వేరొక నగరమున తయారై అనేక స్టేషన్లకు పంపబడు కార్యక్రమమొకటి తెచ్చి వేయసాగిరి. అది మెత్తని సంగీతము. ఎక్కువమంది శ్రోతలను, దానితో ఎక్కువ విరాళములను తెచ్చునని వారి ఆలోచన. జీతము లేక ఏండ్ల తరబడి పనిచేసినవారికి ఇది కష్టముగ తోచెను. "మన ఊరి స్టేషనులో పొరుగూరి డబ్బా యేల?" అనిరి. ప్రసారములో స్టేషను విధానములను విమర్శింపరాదని పెద్దలు నియమము పెట్టిరి. విమర్శించినవారు కొందరు తొలగింపబడిరి. మరికొందరు తామే విడిచిపోయిరి. వారందరు కూడి ఒక సంఘము పెట్టుకొని, ఆంగ్లమున శాపమను అర్థము వచ్చునట్లు దానికి పేరుంచిరి. స్టేషనుకు విరాళములీయవలదని శ్రోతలను కోరిరి. వివాదము న్యాయస్థానమున కెక్కెను.

1994వ సంవత్సరమున ఫెడరల్ న్యాయస్థానము తీర్పు చెప్పెను. లైసెన్సు ప్రభుత్వ విశ్వవిద్యాలయము పేర నున్నది కావున, విమర్శ కూడదను ఆ నియమము రాజ్యాంగము ఒసగిన వాక్స్వాతంత్ర్యమునకు విరుద్ధమని తేల్చెను. నేను ఆ తీర్పును గూర్చి చదివినపుడు నాకు విదురుడు జ్ఞప్తికి వచ్చెను. ధృతరాష్ట్రుని కొలువులో ఉప్పు తినుచు, ఆ కొలువు తప్పును ఆ కొలువులోనే పలికినవాడు విదురుడు. వానిని పొమ్మన్న రాజే మరల పిలిపించుకొనవలసి వచ్చెను. ఏ సంస్థయైనను, దేవాలయమైనను, మహిళాసమాజమైనను, తన విదురుని నోరు మూయించిననాడు తన చెవినే మూసికొన్నది. చందా కట్టించుకొనుచు, మాటాడవలదని చెప్పు సంఘములు మన యూళ్లలోను లేకపోలేదు. చందా ఇచ్చు చేతికి అడుగు నోరును ఉండవలెను.

అమెరికా రేడియో ప్రపంచము అంతలో తలక్రిందులయ్యెను. 1996వ సంవత్సరపు చట్టముతో, దేశమునందు ఒక్క యజమాని ఇన్నింటికి మించి స్టేషన్లు కలిగియుండరాదను హద్దు తొలగింపబడినది. ఒక్క కంపెనీయే కొన్ని ఏండ్లలో వేయికి పైగా స్టేషన్లను కొనివేసెను. ఊరూర వేరువేరుగ నున్న గొంతుకలు పోయి, ఎచటనో కూర్చున్నవారు చేసిన పాటల పట్టికయే అన్ని యూళ్లలోను మ్రోగసాగెను. పేరుగాంచిన మారుదారి స్టేషన్లు ఒక్కొక్కటిగ అమ్ముడుపోయినవి, లేదా మాట మార్చుకొన్నవి. సియాటిలులోని చిన్న దీపము ఆ గాలికి ఆరలేదు. అమ్మవలెనన్న యజమాని దానికి లేడు గదా!

పైగా ఆ కాలముననే అది క్రొత్తదారి త్రొక్కెను. 2000వ సంవత్సరమున, ఇంటర్నెట్టు ద్వారమున, సీడీలో నున్నంత స్వచ్ఛముగ, ధ్వనిని కుదింపకయే ఇరువదినాలుగు గంటలును ప్రసారము చేయుటకు పూనుకొన్నది. ప్రపంచమున అట్లు చేసిన తొలి స్టేషను అదియే. మరుసటి యేడు, 2001లో, మైక్రోసాఫ్ట్ స్థాపకులలో ఒకరైన పాల్ ఆలెన్ నెలకొల్పిన సంగీత ప్రదర్శనశాలతో కూడి, కేఈఎక్స్‌పీ యని పేరు మార్చుకొనెను. ఆలెన్ గొప్ప ధనికుడు, గిటారు ప్రియుడు. ఆయన సాయముతో క్రొత్త భవనము, క్రొత్త యంత్రములు అమరినవి. రాజు ఆదరించిన కవికి రాజు లేనినాడు ఏమిగతి యను ప్రశ్న అపుడు కొందరికి కలుగక మానదు. స్టేషనువారు ఆ ఆదరమును ఊతకఱ్ఱగ మాత్రమే వాడుకొని, క్రమముగ తమ శ్రోతల బలముమీదనే నిలిచిరి. ఆలెన్ 2018లో దివంగతుడయ్యెను. స్టేషను నిలిచియే యున్నది. అంతకు నాలుగేండ్ల ముందే, 2014లో, లైసెన్సు విశ్వవిద్యాలయమునుండి 'కేఈఎక్స్‌పీ మిత్రులు' అను లాభాపేక్షలేని సంఘమునకు వచ్చినది. విద్యార్థుల ఆటగ మొదలైనది నలువదిరెండేండ్లకు తన ఇంటికి తానే యజమాని యైనది.

ఆ ఇల్లు నిజముగనే ఇల్లు. 2016వ సంవత్సరము ఏప్రిలులో సియాటిల్ సెంటరు అను పెద్ద ఉద్యానవనములో స్టేషను క్రొత్త నెలవు తెరచిరి. పాటలు వేయువారి గదికి అద్దపు గోడ. వచ్చిన వారెవరైనను కాఫీ త్రాగుచు, అద్దమునకావల వారు పనిచేయుట చూడవచ్చును. టిక్కెట్టు లేదు. మా చెల్లెలు వానకాలపు ఆదివారములందు పిల్లను చంకనెత్తుకొని పోయి అచట కూర్చుండును. ఆ ఊరిలో సంవత్సరమున అధికభాగము ముసురే. చలివేళ ఎండపొడ లేని దేశమున, డబ్బీయకయే వెచ్చగ కూర్చుండుటకు పుస్తకశాల తరువాత అదియొకటి అని అది వ్రాసినది.

ఇక మా ఇంటి మాట యొకటి చెప్పవలసియున్నది. ఆ ఇరువది డాలర్ల మూలము దానిలో నున్నది. మా అమ్మ పోయిననాటికి చెల్లెలు ఎనిమిది నెలల గర్భిణి. విమానమెక్కరాదని వైద్యులు చెప్పిరి. తల్లి కడపటిచూపు దానికి దక్కలేదు. టెలిఫోను తెరలో చూచినది చూపు కాదు గదా! ఇచట మాకు పదిదినములు బంధువులు, ఏడ్చుటకు భుజములు, చేయుటకు పనులు ఉండెను. దానికచట మరునాటినుండి కొలువు, వంట, వాన. "అక్కా, ఇచట ఎవరికిని అమ్మ తెలియదు. తెలియనివారి యెదుట ఎట్లు ఏడ్తును?" అని వ్రాసెను. దానికి నావద్ద ప్రత్యుత్తరము లేకపోయెను.

ఆ స్టేషనులో ప్రాతఃకాలపు కార్యక్రమము నడపువారు జాన్ రిచర్డ్స్. ఆయనయు తల్లిని పోగొట్టుకొన్నవారే. ప్రతియేటను ఒక ఉదయమును ఆయన తన తల్లి స్మృతికి కేటాయించి, వియోగమును గూర్చిన పాటలు వేయుదురు. శ్రోతలు తాము పోగొట్టుకొన్నవారి పేర్లు, కథలు వ్రాసి పంపుదురు. అది పంచాంగము లేని ఆబ్దికమని నాకు తోచును. బిడ్డ పుట్టిన పిదప మరల కొలువునకు పోవుచున్న దినములలో నొకనాడు, కారు నడుపుచు, మా చెల్లెలు ఆ కార్యక్రమము వినెను. ఎవరెవరి తల్లులో, తండ్రులో, బిడ్డలో! తన కార్యాలయపు కార్ల చావడిలో నిలిపి, స్టీరింగు చక్రముమీద తల వాల్చి ఏడ్చెనట. పిదప అమ్మ పేరును, అమ్మ పెట్టు ఆవకాయను, పిల్లలను నిదురపుచ్చుచు అమ్మ చెప్పు గజేంద్రమోక్షమును గూర్చి నాలుగు పంక్తులు వ్రాసి స్టేషనుకు పంపెను. అవి చదివిరో లేదో వినుటకు వేళ లేక లోపలికి పోయెను. "చదివినను చదువకున్నను సరే అక్కా. అమ్మ పేరు వ్రాయుటకు ఈ దేశమున ఒక చిరునామా దొరకినది" అనెను. ఆ నెలనుండియే ఇరువది డాలర్లు.

అచటి ఉదయము ఏడుగంటలు, వేసవిలో మనకు రాత్రి ఏడున్నర. దీపము పెట్టి, వంట ముగించి, అప్పుడప్పుడు నేనును టెలిఫోనులో ఆ కార్యక్రమము పెట్టుకొని వినుచుందును. నడుమ వాన సంగతియు, దారులలో కార్ల రద్దీయు చెప్పుదురు. పది వాట్లతో నాలుగు వీధులకు వినబడినది నేడు 4,700 వాట్లతో ఆ నగరమునకును, తంతి ద్వారా మా వంటయింటికిని వినబడుచున్నది. అయినను అది సియాటిల్ ఊరి మాటయే మాటాడును. అందరికి నచ్చవలెనని తన ఊరిని మరువలేదు. అందువలననే కాబోలు దూరమునున్నవారికిని అది ఆప్తముగ తోచుట.

దాతలలో ధనికులే యుందురని తలపవలదు. నెలకు పది డాలర్లు, ఇరువది డాలర్లు పంపువారే స్టేషనుకు మూలస్తంభములు. సేతువు కట్టునపుడు ఉడుత ఒడలిన యిసుక ఎంత? అయినను రాముని చేయి తగిలినది దాని వీపునకే. ఆ చిన్నవారిలో నుండియే ఒక పెద్దదాత బయలుదేరెను. 2018లో స్టేషనువారు ఒక వార్త ప్రకటించిరి: చిరకాలము శ్రోతగ నున్న ఒక స్త్రీ, తన మరణానంతరము చెందునట్లు సుమారు ఒక కోటి డాలర్లు స్టేషనుకు వ్రాసి యిచ్చినది. ఇంటిపేరు వెల్లడి కాకుండ ఆ దానము చేసినది. శిలాఫలకము లేదు, చిత్రపటము లేదు. ఆ సొమ్ములో కొంత పిల్లల, యువజనుల సంగీత విద్యకును, క్రొత్త సంగీతమును వెదకుటకును వినియోగింతుమని స్టేషనువారు చెప్పిరి. గుడికి గంట కట్టించి తాతముత్తాతల పేర్లతో సహా చెక్కించు మన దాతలు ఈ తల్లి కథ వినవలెనని నా కోరిక.

2024వ సంవత్సరము మార్చిలో కేఈఎక్స్‌పీ శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమున 92.7 అను రెండవ స్టేషనును తెరచినది. దివాలా తీసిన వర్తకపు స్టేషనొకటి వేలమునకు రాగా దానిని కొనిరి. వర్తకులు చిన్నస్టేషన్లను మ్రింగు కాలమున, చిన్నస్టేషను వర్తకుని స్థానమున దీపము పెట్టుట వింతయే గదా! కాని సుఖము వెంట గండము లేకపోలేదు. 2025వ సంవత్సరము జూలైలో అమెరికా ప్రభుత్వము ప్రజారేడియోలకును టెలివిజనులకును ఒసగు నిధిని రద్దుచేసెను. దాదాపు నూటపది కోట్ల డాలర్ల సొమ్ము అది. పల్లెలలోని చిన్న స్టేషన్లకు అది ప్రాణాంతకమైన దెబ్బ. శ్రోతలమీద ఆధారపడుట ముందే నేర్చిన స్టేషన్లకు దెబ్బ తగిలినను వెన్ను విరుగదు. 1981లో పాలు మాన్పించిననాడు నేర్చిన నడక నేటికి అక్కరకు వచ్చుచున్నది.

ఇది అమెరికావారి ముచ్చటయే, మనకేమి యందురేమో. మన తెలుగునేలపైనను ఇట్టి దీపము వెలిగినది, వెలిగించినది స్త్రీలే. జహీరాబాదు ప్రాంతమున మాచ్నూరు గ్రామమున 2008వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన సంఘం రేడియో ప్రారంభమయ్యెను. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని దళిత స్త్రీలు దానిని నిలిపిరి. నర్సమ్మ యను ఒకే పేరుగల ఇరువురు యువతులు యంత్రముల ముందు కూర్చుండిరి. చిరుధాన్యముల సేద్యము, విత్తనముల సంగతి, పొలము పాటలు, మందు మాకులు, అంతయు తమ పలుకుబడిలోనే. సియాటిల్ స్టేషను నెలవు 90.3 మెగాహెర్ట్‌జులు, మాచ్నూరు స్టేషను నెలవు 90.4. అచట వర్తకుడు వేయని పాట, ఇచట పట్టణము వినని మాట. ప్రసారములు సాగు గాలి ప్రజలందరి సొత్తని మన సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పినది. గాలి అందరిదైనపుడు, ఆ గాలిలో మన గొంతు నిలుపుకొనుటయు మన పనియే.

ఇక ఆ పెద్దావిడ ప్రశ్నకు నాకు తోచిన సమాధానము ఇది. వెల యనునది వస్తువు పుచ్చుకొనుటకు ఇచ్చునది. ఈ ఇరువది డాలర్లు వెల కాదు. ఇప్పటికే విన్న పాటకు మొక్కు. ఇంకను వినని పాటకు విత్తనము. మనము ఈయనిచో మనకు పాట ఆగదు, నిజమే. ఆగునది, రేపు రికార్డు చంకన పెట్టుకొని వచ్చి తలుపు తట్టు బీదబాలుని పాట; పరదేశమున తల్లిని తలచి ఏడ్చుటకు తావులేని ఆడుబిడ్డకు దొరకవలసిన చిరునామా. వారెవరో మనకు తెలియదు. తెలియనివారికి చేయుటనే మన పెద్దలు ధర్మమనిరి.

సోదరీమణులారా, మీ ఊరిలో డబ్బీయకయే మీకు ఉపకారమగుచున్న దేదియో ఒకటి ఉండకపోదు. ఒక పుస్తకశాల, ఒక భజనమండలి, పిల్లలకు సాయంకాలము పాఠము చెప్పు ఒక అరుగు. బియ్యము కొలుచునపుడు పిడికెడు వేరుచేయు వాడుక మన తల్లులది. ఆ పిడికెడు నేడు ఎవరికి చెందవలెనో ఈ నెలలోనే విచారింపుడు. ఇచ్చిన పిదప, అది ఎట్లు నడచుచున్నదో అడుగుటకును వెనుదీయకుడు.